పేరు, ప్రకరణం, చేయి: లాజరు రేఖాచిత్రాల కర్తృత్వ విచారం

గ్రంథకర్తృత్వ విచారం ప్రాచ్యవిద్యాపరిశ్రమ చేసేవారికి కొత్తది కాదు. గణపతిశాస్త్రిగారు 1912 మొదలుగా త్రివేండ్రంలో ప్రకటించిన పదమూడు నాటకాలలో కర్తనామం లేదు. అవి భాసకృతాలని శాస్త్రిగారు నిర్ణయించినారు. దానిపై బయలుదేరిన వివాదం నేటికీ పూర్తిగా శమించలేదు. క్రీడాభిరామంలో వినుకొండ వల్లభరాయని పేరు స్పష్టంగా ఉన్నప్పటికీ, అది శ్రీనాథుని రచనయేనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించినారు. ఒకచోట పేరు లేకపోవడం చిక్కు. మరొకచోట ఉన్న పేరే చిక్కు. ఇట్టి సమస్యలే ఐరోపాఖండపు చిత్రకళాపరిశోధకులకు కూడా కలవు. పదహారవ శతాబ్దపు ఇటలీ రేఖాచిత్రాల విషయంలో అవి మరింత జటిలమైనవి. వాటిలో ప్రసిద్ధమైన ఒక వివాదాన్ని మన మీమాంసకులు ప్రమాణాల బలాబలాలను తూచిన త్రాసులో పెట్టి చూడవలెనని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. మన త్రాసు అక్కడ కూడా సరిగా తూగుతుందా అన్నది నా ప్రశ్న.

ముందుగా రేఖాచిత్రమంటే ఏమో చెప్పవలసి ఉన్నది. ఆ కాలపు చిత్రకారునికి సాధ్యం గోడమీదనో చెక్కమీదనో వేసే వర్ణచిత్రం. కాగితం మీద ఎర్రసుద్దతోనో, నల్లసుద్దతోనో, కలంతోనో గీసే చిత్రం దానికి సాధనం మాత్రమే. సాధనం మీద ఎవరూ సంతకం చేయరు. పని పూర్తి అయిన తరువాత ఆ కాగితాలు చిత్రశాలలో ఏ మూలనో పడి ఉండేవి. శిష్యులు వాటిని చూచి అభ్యాసం చేసేవారు, నకళ్లు తీసేవారు. తరువాతి కాలంలో సంగ్రాహకులు బయలుదేరి వాటిని కొని, అంచులు కత్తిరించి, గ్రంథాలలో అతికించి, తమకు తోచిన గొప్పవారి పేరు మూలన వ్రాసినారు. మన తాళపత్ర భాండాగారాలలో కట్ట పైచెక్కమీద తరువాతి యజమాని వ్రాసిన గ్రంథనామం లోపలి గ్రంథంతో పొసగకపోవడం పరిశోధకులకు అనుభవైకవేద్యం. ఈ కాగితాల మీది పేర్లు కూడా అట్టివే.

ఇక వివాదవిషయం. లండను నేషనల్ గ్యాలరీలో మొదటి సంఖ్యగా నమోదైన చిత్రం ‘లాజరు పునరుజ్జీవనం’. దీనిని చిత్రించినవాడు వెనీసు నగరం నుండి రోముకు వచ్చిన సెబాస్టియానో. కార్డినల్ జూలియో దె మెడిచి ఫ్రాన్సు దేశంలోని నార్బొన్ దేవాలయం కోసం దీనిని చేయించినాడు. ఆయనే తరువాత 1523లో ఏడవ క్లెమెంట్ పోపు అయినాడు. అదే దేవాలయం కోసం రఫేలు చేత ‘రూపాంతరం’ అనే మరొక చిత్రాన్ని కూడా ఆయన చేయించినాడు. ఇద్దరికీ ఒకేసారి పని అప్పగించడంతో అది పోటీగా పరిణమించింది. సెబాస్టియానో తన చిత్రాన్ని 1519లో ముగించినాడు. 1520 ఏప్రిల్ 6న రఫేలు మరణించినాడు. ఆ నెలలోనే రెండు చిత్రాలను వాటికను ప్రాసాదంలో ప్రక్కప్రక్కన ప్రదర్శించినారు.

ఈ పోటీలో సెబాస్టియానోకు వెనుకబలం మైకెలాంజెలో. రఫేలుతో ఆయనకు ఉన్న స్పర్ధ జగద్విదితం. ఆ సంవత్సరాలలో మైకెలాంజెలో ఎక్కువకాలం ఫ్లోరెన్సులోను, చలువరాతి గనుల వద్దను ఉన్నాడు. రోమునుండి మిత్రులు, సెబాస్టియానో ఆయనకు ఉత్తరాలు వ్రాస్తూ వచ్చినారు. వాటిలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నవి. చిత్రకారుల చరిత్రలు వ్రాసిన వసారి, సెబాస్టియానో చరిత్రలో ఈ చిత్రం కొన్ని భాగాలలో మైకెలాంజెలో గీసి ఇచ్చిన ఆకృతుల ననుసరించి సాగినదని చెప్పినాడు. ‘కొన్ని భాగాలలో’ అన్న మాటను పాఠకులు మనసులో ఉంచుకొనవలెను.

బ్రిటిష్ మ్యూజియంలో ఈ చిత్రానికి సంబంధించిన రెండు ఎర్రసుద్ద రేఖాచిత్రాలు కలవు. 1860లో అవి అక్కడికి చేరినవి. రెండింటిలోను లాజరు కూర్చుని, తన దేహానికి చుట్టిన ప్రేతవస్త్రపు కట్లను విడిపించుకుంటున్నాడు. ఇద్దరు పరిచారకులు తోడ్పడుతున్నారు. ఒకటి ముందుదశలోనిది, రెండవది వర్ణచిత్రానికి సమీపమైనది. దీనికి చేరిన మరొక పత్రం ఫ్రాన్సులోని బయోన్‌లో బొన్నా మ్యూజియంలో ఉన్నది. ఈ పత్రాలు మైకెలాంజెలోవి అని పూర్వం వాడుక. 1899లో వియన్నా ఆచార్యుడైన ఫ్రాన్స్ విక్‌హోఫ్, బ్రిటిష్ మ్యూజియం చిత్రాలను గురించి వ్రాసిన ప్రబంధంలో ఆ వాడుకను త్రోసివేసి, మైకెలాంజెలోవిగా చెప్పబడే పత్రాలను కొన్నింటిని సెబాస్టియానోకు ఇచ్చినారు. 1903లో బెర్నార్డ్ బెరెన్సన్ తమ ఫ్లోరెన్సు రేఖాచిత్రాల బృహద్గ్రంథంలో లాజరు పత్రాలను సెబాస్టియానో పట్టికలోనే చేర్చినారు. బెరెన్సన్ మాటకు ఆ రోజులలో ఉన్న ప్రాబల్యం వలన సుమారు అర్ధశతాబ్దం ఆ నిర్ణయమే చెల్లింది. 1953లో యొహానెస్ విల్డె, బ్రిటిష్ మ్యూజియంలోని మైకెలాంజెలో రేఖాచిత్రాల సూచీగ్రంథంలో వాటిని తిరిగి మైకెలాంజెలోకు చెందించినారు. విల్డె కూడా వియన్నాలో శిక్షణ పొంది, అక్కడి చిత్రశాలలో చాలాకాలం పనిచేసినవారే. ఒకే సంప్రదాయంలోని పెద్ద కట్టిన ముడిని అదే సంప్రదాయంలోని మరొక పెద్ద విప్పినారన్నమాట. 1981లో సెబాస్టియానోపై గ్రంథం రచించిన మైకెల్ హర్స్ట్ కూడా విల్డె మార్గాన్నే అనుసరించినారు.

దీనివలన ఎవరికి ఏమి పోయింది అని అడగవచ్చును. ఆ మహాచిత్రానికి జీవం లాజరు. అతనిని ఊహించినది ఎవరన్నది తేలనిదే సెబాస్టియానో ప్రతిభ ఎంతో, మైకెలాంజెలో పరస్పర సహకారం ఎట్టిదో, ఆనాటి రోములో చిత్రం అనేది ఒక్కని సృష్టియో ఇద్దరి సృష్టియో తేలదు. రెండు పత్రాల పేరు మారితే రెండు జీవితచరిత్రలు మారుతున్నవి.

ఇప్పుడు మన త్రాసును తీసుకుందాం. జైమినీయంలో మూడవ అధ్యాయం మూడవ పాదంలోని బలాబలాధికరణంలో శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అనే ఆరు వినియోగప్రమాణాలలో విరోధం వచ్చినప్పుడు ముందున్నదే బలీయమని, తరువాతిది దుర్బలమని నిర్ణయించినారు. ఐంద్రీమంత్రానికి ఇంద్రుని స్తుతించే సామర్థ్యం, అంటే లింగం, ఉన్నప్పటికీ, ప్రత్యక్షశ్రుతి దానిని గార్హపత్యాగ్ని ఉపస్థానానికి వినియోగించినది కనుక శ్రుతియే గెలిచినది. ఇది పాఠశాలలో చదివిన ప్రతివారికీ కంఠస్థమైన ఉదాహరణం. అందరికంటె చివర నిలిచినది సమాఖ్య, అంటే పేరు. ఎందుకు దుర్బలం? అర్థానికి అది దూరంగా ఉన్నది కనుక. పేరు తన అర్థాన్ని సాధించుకొనవలెనంటే ముందు స్థానాన్ని, దాని ద్వారా ప్రకరణాన్ని, అట్లా వరుసగా పైమెట్లను కల్పించుకుంటూ శ్రుతివరకు ఎక్కవలెను. ఆ లోపలనే సమీపంలో ఉన్న ప్రమాణం పని ముగించి కూర్చుంటుంది.

చిత్రపత్రం మూలన సంగ్రాహకుడు వ్రాసిన పేరు ఇట్టిదే. అది నిజం కావలెనంటే అతనికి అమ్మినవాడు నిజం చెప్పి ఉండవలెను. అమ్మినవానికి పూర్వయజమాని నిజం చెప్పి ఉండవలెను. ఆ పరంపర చిత్రశాల వాకిలివరకు తెగకుండా ఉండవలెను. పేరు తన్ను తానే బయటపెట్టుకొనే సందర్భాలు కూడా కలవు. మన సెబాస్టియానోను లోకం ‘దెల్ పియోంబో’ అని పిలుస్తుంది. పియోంబో అంటే సీసం. పోపుగారి శాసనాలకు సీసపు ముద్రవేసే అధికారం 1531లో లభించిన తరువాత వచ్చిన పేరది. లాజరు చిత్రం నాటికి అతడు వెనీసువాడైన సెబాస్టియానో మాత్రమే; చిత్రంమీద అతడు చేసిన లాటిను సంతకం కూడా అదే చెబుతున్నది. కనుక ఆనాటి పత్రంమీద ‘పియోంబో’ అన్న పేరు కనిపించినట్లయితే, అది కనీసం పుష్కరకాలం తరువాతి చేతివ్రాత అని వేరే సాక్ష్యం లేకుండానే తెలుస్తుంది.

(ఆ సంతకంలోని క్రియాపదం వ్యాకరణప్రియులకు ముచ్చట గొల్పుతుంది. ‘ఫచియెబాత్’ అంటే ‘చేయుచుండెను’. ‘చేసెను’ అనక అసమాప్తక్రియను వాడడం ప్రాచీనగ్రీకుల వినయమని ప్లినీ చెప్పిన మాటను అనుసరించి అట్లా వ్రాయడం ఆనాటి మర్యాద. మైకెలాంజెలో తన యౌవనంలో చెక్కిన రోము పియెతా శిల్పంమీద కూడా అదే క్రియ ఉన్నది.)

విక్‌హోఫ్ గారి వాదాన్ని ఈ దృష్టితో చూస్తే దానిలోని న్యాయం, లోపం రెండూ తెలుస్తున్నవి. ఆయన పేరును నమ్మలేదు. అది సరియైనదే, సమాఖ్య ఒక్కటే ఆధారమైతే నమ్మవలసిన పని లేదు. చిత్రం సెబాస్టియానోది, పత్రాలు ఆ చిత్రానికి అంగాలు, కనుక పత్రాలు కూడా సెబాస్టియానోవే అనే తర్కం ప్రకరణబలంతో నడిచినది. ప్రకరణం సమాఖ్యను బాధిస్తుంది. ఇంతవరకు మీమాంసకుడు కూడా ఆయన పక్షాన్నే నిలుస్తాడు. కాని ప్రకరణానికి పైన లింగం ఉన్నది. లింగమంటే సామర్థ్యం. ఇక్కడ సామర్థ్యం చేతిది.

చేతి సామర్థ్యాన్ని ఎట్లా గుర్తించవలెను? పందొమ్మిదవ శతాబ్దంలో మొరెల్లి అనే వైద్యశాస్త్రజ్ఞుడు చెవి తమ్మెలు, గోళ్లు వంటి అప్రధానాంగాలను చిత్రకారుడు అలవాటు చొప్పున ఒకే తీరున వేస్తాడని, వాటివలన కర్తను పట్టుకొనవచ్చునని ఒక పద్ధతి కల్పించినారు. వర్ణచిత్రాలలో అది కొంత ఉపకరించినది. రేఖాచిత్రాలలో దానిమీద పూర్తిగా ఆధారపడడం నాకు యుక్తమనిపించదు. శిష్యుడు మొట్టమొదట నేర్చుకొనేది గురువు వేసే చెవినే కదా! కాగితంలోని నీటిగుర్తులు కూడా ఒక ఆధారమే. 1907లో బ్రికే పదహారువేలకు పైగా నీటిగుర్తులను సంకలనం చేసినారు. కాని కాగితం తన పుట్టుకను చెబుతుందే తప్ప తనమీద గీసిన చేతిని చెప్పదు. లియొనార్డో ఎడమచేతివాడు కనుక అతని నీడగీతలు ఎడమ పైనుండి కుడి క్రిందికి వాలి ఉంటవన్నది మంచి లక్షణం. అయినా పట్టుదల గల అనుకర్త దానిని కూడా సాధించగలడు.

వీటన్నింటికంటె బలమైనది గీత వెదకడం. నకలు తీసేవానికి ఫలం ముందే తెలుసు. అతని గీత గమ్యం ఎరిగిన బాటసారివలె తిన్నగా పోతుంది. సృష్టించేవానికి గమ్యం తెలియదు. అతడు ఒక భుజాన్ని గీసి, చాలక ప్రక్కన మరొక గీత గీసి, తలను వంచి, మరల ఎత్తి చూస్తాడు. లేఖకుని ప్రతిలోను కవి స్వహస్తప్రతిలోను ఇట్టి భేదమే కలదు. లేఖకుడు అక్షరం విడుస్తాడు, పంక్తి దాటుతాడు; కవి మాట కొట్టివేసి మరొక మాట వ్రాస్తాడు. తప్పు జాతిని బట్టి చేయి జాతి తెలుస్తుంది. లాజరు పత్రాలు రెండింటినీ ముద్రితప్రతిబింబాలలో ప్రక్కప్రక్కన పెట్టి చూచినా ఈ సంగతి స్ఫురించకపోదు. మొదటిది వర్ణచిత్రానికి భిన్నంగా ఉన్నది. వర్ణచిత్రాన్ని చూచి నకలు తీసినవాడు చిత్రంలో లేని పూర్వదశను ఎక్కడినుండి తెస్తాడు? కనుక ఇవి చిత్రానంతరపు నకళ్లు కావని అర్థాపత్తిచేత సిద్ధిస్తున్నది. మిగిలిన ప్రశ్న ఒక్కటే: వెదకుతున్న చేయి ఎవరిది?

సెబాస్టియానో రేఖాచిత్రాలు ఎక్కువగా నిలువలేదు. నిస్సందేహంగా అతనివైన వాటిలో వెనీసు పద్ధతి కనిపిస్తుంది: నీలికాగితం, నల్లసుద్ద, వెలుగుకు తెల్లని పూత. అతనికి ఆకారం వెలుగునీడల మెత్తని కలయికగా కనిపిస్తుంది. అది వర్ణకారుని చూపు. లాజరు పత్రాలలోని చేయి వేరు. అది దేహాన్ని రాతినుండి తొలిచి తీస్తున్నట్లు గీస్తుంది. కండరం ఎక్కడ తిరిగితే నీడగీతల వరుస అక్కడ తిరుగుతుంది. అది శిల్పి చూపు. లాజరు భంగిమ సిస్టీను మందిరపు కప్పుమీద మైకెలాంజెలో 1508-1512 మధ్య చిత్రించిన ఆదాము భంగిమకు దగ్గరగా ఉన్నదని అనేకులు గుర్తించినారు. ఒకడు మట్టినుండి ప్రాణంలోకి వస్తున్నవాడు, ఒకడు సమాధినుండి ప్రాణంలోకి వస్తున్నవాడు. పోలిక రూపంలోనే కాక భావంలో కూడా ఉన్నది.

విషయాన్ని గురించి ఇక్కడ కొంత నిలిచి చెప్పవలెను. ఈ పత్రాల కర్తృత్వం విచారించినవారిలో కొందరు గీతలను చూచినంతగా శవసంస్కార విషయాన్ని చూడలేదని నాకు తోస్తుంది. యోహాను సువార్త పదకొండవ అధ్యాయం ప్రకారం లాజరు మరణించి నాలుగు దినాలు అయినది. దుర్గంధం వస్తుందని సోదరి మార్త సంకోచించినది. పిలుపు విని అతడు కాలుచేతులకు ప్రేతవస్త్రాల కట్లతోను, ముఖానికి చుట్టిన గుడ్డతోను వెలుపలికి వచ్చినాడు. కట్లు విప్పుమని ఆజ్ఞ అయినది. మధ్యయుగపు చిత్రకారులు దీనిని అక్షరాలా గ్రహించి, నిలువునా గుడ్డ చుట్టిన శవాన్ని గుహద్వారంలో నిలబెట్టేవారు. లాజరు పత్రాలలో అట్లా లేదు. ఇక్కడ ప్రేతవస్త్రం కేవలం చిహ్నం కాదు, అది ప్రతిపక్షం. మేల్కొన్న దేహం దానితో పెనగులాడుతున్నది. కాలు కట్టును త్రోసివేస్తున్నది. మరణం ఒక బంధంగాను, జీవం ఆ బంధంతో చేసే ప్రయత్నంగాను కనిపిస్తున్నవి.

ఈ ఊహ ఆ సంవత్సరాలలో ఎవరి బుద్ధిలో మెదలుతున్నది? మైకెలాంజెలో 1505 నుండి రెండవ జూలియస్ పోపు సమాధి నిర్మాణానికి కట్టుబడి ఉన్నాడు. అది 1545 వరకు ఆయనను వదలలేదు. ఆ సమాధి కోసం 1513 తరువాత చెక్కిన ఇద్దరు బంధితుల శిల్పాలు నేడు పారిసులోని లూవ్రులో ఉన్నవి. ఒకనికి వక్షానికి పట్టీ చుట్టి ఉన్నది, మరొకడు కట్లతో పెనగుతున్నాడు. సమాధి, బంధం, పెనుగులాడే నగ్నదేహం ఈ మూడూ ఆయన రాతిపనిలో నిత్యం ఉన్నవే. లాజరు వాటికి సోదరుడు. ఇది లింగానికి తోడైన వాక్యప్రమాణం వంటిది. పత్రాన్ని ఆ చేతి ఇతర కృతులతో ఏకవాక్యం చేస్తున్నది.

‘చిత్రించినవాడే గీసినవాడు’ అన్న వ్యాప్తి కూడా నిలువదు. దానికి స్పష్టమైన వ్యభిచారం విటెర్బో పట్టణపు పియెతాలో ఉన్నది. అది కూడా సెబాస్టియానో వేసినదే. లాజరుకు ముందు, 1516 ప్రాంతానికి పూర్తి అయినది. వెన్నెలరాత్రి, తెల్లని వస్త్రంపై నేలమీద పరుండిన క్రీస్తు శవం, చేతులు పెనవేసి ఆకాశం చూస్తున్న తల్లి. దీనికి పూర్తిపరిమాణపు ఆకృతిని మైకెలాంజెలో గీసి ఇచ్చినాడని, ఆ చీకటి ప్రకృతి సెబాస్టియానోదని వసారి వ్రాసినాడు. ఆ తల్లి మొండెం, చేతులకోసం గీసిన మైకెలాంజెలో పత్రం వియన్నాలోని అల్బెర్తీనాలో ఉన్నది. తరువాతి కాలంలో మార్చెల్లో వెనుస్తి కూడా మైకెలాంజెలో ఆకృతులతో చిత్రాలు వేసినాడు. కనుక ప్రకరణం సోపాధికమైన హేతువు. వసారి మాట ఈ పత్రాలనే వ్రేలితో చూపలేదు కనుక దానిని శ్రుతి అనలేము. కాని ఆప్తవాక్యంగా ఆ ఉపాధిని అది చూపుతూనే ఉన్నది. ‘కొన్ని భాగాలలో’ అన్న ఆ చిన్నమాటను చదివి కూడా పట్టించుకొనకపోవడమే నా దృష్టిలో 1899 నాటి నిర్ణయానికి మూలలోపం.

అయితే సెబాస్టియానోను వట్టి రంగులు నింపినవానిగా చేయడం అన్యాయం. నేషనల్ గ్యాలరీ పరిశోధకులు చిత్రం లోపలిపొరలను పరీక్షించి 2009లో ప్రకటించిన వ్యాసంలో, పని జరుగుతుండగా లాజరు ఆకృతి మార్పులకు లోనైనదని చూపినారు. అంటే సెబాస్టియానో తనంతట ఒక లాజరును ఆరంభించి, పత్రాలు చేరిన తరువాత దానిని దిద్దినాడని గ్రహించవచ్చును. ముక్కుకు వస్త్రం అడ్డం పెట్టుకొన్న స్త్రీలు, కిక్కిరిసిన జనం, నది, వంతెన, మేఘాలలోని మబ్బువెలుగు ఇవన్నీ వెనీసు చేతి సొత్తు. దుర్గంధాన్ని రంగులతో చెప్పడం సామాన్యమైన పని కాదు. 2017లో నేషనల్ గ్యాలరీ ఈ ఇద్దరి మైత్రిని గురించి ఒక ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు వర్ణచిత్రం సెబాస్టియానో పేరుతోను, రేఖాచిత్రాలు మైకెలాంజెలో పేరుతోను నిలిచినవి.

ఇక విటెర్బో చిత్రఫలకం వెనుకవైపున బొగ్గుతో గీసిన కొన్ని ఆకృతులు ఉన్నవి. వాటిలో ఏది ఎవరి చేయి అన్నది లాజరు పత్రాలంత సులభంగా తేలదు. అక్కడ సంగ్రాహకుని పేరు లేదు. ఏ చిత్రానికి అంగమో తెలిపే ప్రకరణం లేదు. ముందుదశ, తరువాతి దశ అనే క్రమం లేదు. ఇద్దరు మిత్రులు ఒకే చెక్క ముందు నిలబడి ఉండవచ్చునన్న స్థానప్రమాణం ఒక్కటీ, గీతలోని సామర్థ్యం ఒక్కటీ మిగిలినవి. పరీక్షకులు ఆ బొగ్గుగీతలలో కొన్నింటిని మైకెలాంజెలోకు, కొన్నింటిని సెబాస్టియానోకు పంచి ఇస్తున్నారు.